వద్దన్న ఇంజిన్

మా ముత్తాత చింతలంక వెంకటరాయుడు గారికి గోదావరి మీద మూడు రేవులు ఉండేవి. తాతగారు చింతలంక సూర్యనారాయణమూర్తి గారు ఆ మూడు రేవుల మధ్య నాలుగు లాంచీలు నడిపారు. అటూ ఇటూ లంకల్లో పెళ్ళివారు ముహూర్తం పెట్టుకునే ముందు మా మొదటి లాంచీ ఎన్ని గంటలకో కనుక్కుని మరీ పెట్టుకునేవారు. తాతగారి గొడుగు గట్టు దిగితే తప్ప సరంగు తాడు విప్పేవాడు కాదు. లాంచీలో కలెక్టరు గారే కూర్చుని ఉన్నా సరే. నాన్నగారు చింతలంక రామారావు గారి చేతికి వచ్చేసరికి రెండు లాంచీలు మిగిలాయి. వంతెన వచ్చాక ఒకటి. నా దాకా వచ్చింది ఇంటిపేరు. దాన్ని ఐర్లండ్‌లో సరిగ్గా పలికినవాళ్ళు లేరు, అయినా నేను దాన్ని కుదించలేదు.

ఈ పేర్లన్నీ ఇక్కడ చెప్పడానికి కారణం, నెల క్రితం ఇక్కడ స్లైగో ఊళ్ళో నా వంటింట్లో ఉన్న సీబీ రేడియో చెడిపోవడం. సీబీ అంటే లారీ డ్రైవర్లూ కొండల మీది రైతులూ తమలో తాము మాట్లాడుకోవడానికి పెట్టుకునే చిన్న వైర్‌లెస్ సెట్టు. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. ఆ చానల్‌లో ఉన్నవాళ్ళందరికీ ప్రతి మాటా వినిపిస్తుంది. గుట్టు అనేది ఉండదు. నా సెట్టుకి వచ్చిన జబ్బు ఏమిటంటే, వినిపిస్తుంది కానీ పలకదు. సాయంత్రం ఏడు గంటలకు పదిహేను మైళ్ళ అవతల కొండ వాలులో ఉండే మార్టిన్ నన్ను పిలుస్తాడు. ఆ పిలుపు నాకు స్పష్టంగా అందుతుంది. నేను మీట నొక్కి ఎంత చెప్పినా అటు వెళ్ళదు. అక్కడ ఫోను సిగ్నల్ లేదు. కంటి ఆపరేషన్ తర్వాత నేను కారు నడపడం మానేశాను. మార్టిన్ కూతురు ఓర్లాకి ఫోను చేసి సంగతి చెప్పవచ్చు. సెట్టు పాడైందని ఒకరికి చెప్పుకోవడం ఇష్టంలేక నాలుగు రోజులు ఊరుకున్నాను. అయిదో రోజు చెప్పాను.

మా మేడ మీది గదిలో స్రవంతి అనే అమ్మాయి ఉంటోంది. ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ ఎలక్ట్రానిక్స్‌లో పీజీ చేస్తోంది. ఈ దేశంలో ఇప్పుడు ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలిసి గది ఇచ్చాను. ఆమె దాన్ని రెంట్ అంటుంది, నేను ఆ మాట వాడను. నేను ఓర్లాకి ఫోను చెయ్యడానికి ముందురోజు ఆమె సెట్టు అడుగు రేకు విప్పి లోపలికి తొంగి చూసి చెప్పింది.

"అంకుల్, గిండ్ల మాటను బయటికి పంపే ట్రాన్సిస్టర్ పోయింది. గిసొంటిది ఇప్పుడు దొర్కదు."

"పోయింది అనకమ్మా."

"మరేమనాలె? కొండెక్కింది అనాల్నా?" అని నవ్వింది. "ఇంకో పాత సెట్టు దొరికితే దాంట్లకెళ్లి తీసి ఏస్తా. లేకుంటే ఆన్‌లైన్ల కొత్తది ఆర్డర్ పెట్టుర్రి, రెండు రోజుల్ల వస్తది."

"కొత్తదే తెప్పిద్దాం," అన్నాను. నోట్లోంచి వచ్చిన ఆ మాట నాది కాదు, మా నాయనమ్మది.

మా ఇంట్లో మాటు పడ్డ గిన్నె ఉండేది కాదు. చిల్లు పడ్డ ఇత్తడి గిన్నెకు మాట్లు వేసేవాడు వీధిలో కేక వేస్తూ వెళ్తే ఊరంతా గిన్నెలు బయట పెట్టేది. మా గుమ్మం ముందు మాత్రం అతను ఆగేవాడు కాదు, గొంతు కూడా తగ్గించుకునేవాడు. చిల్లు పడ్డ గిన్నెను నాయనమ్మ రెండు చేతులతో తీసుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడి పనివాళ్ళలో ఎవరికో ఇచ్చేసేది. వాళ్ళు దానికి మాటు వేయించుకుని మరో ఇరవై ఏళ్ళు వండుకునేవారు. "మాటు పడ్డది మన వంటింట్లో ఉండదు," అనేది. గొడుగు కమ్మి విరిగినా, గడియారం ఆగినా, కుర్చీ కాలు ఊగినా అదే తీర్పు. తెల్లవారకముందే లాంచీల డీజిల్ వాసన, వేపుతున్న కాఫీ గింజల వాసన కలిసి ఇల్లంతా పరుచుకునేవి. చింతపండుతో తోమిన లాంచీ గంట వరండాలో మెరుస్తూ ఉండేది. ఆ ఇంట్లో పాతదనేది నాకు తెలియదు. నాన్నగారి గోళ్ళ కింద మాత్రం ఎప్పుడూ సన్నని నల్లటి గీత కనిపించేది. భోజనానికి కూర్చునే ముందు ఆయన సున్నిపిండితో చాలాసేపు చేతులు కడుక్కునేవారు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

డాక్టరు చదువు ముగించి స్లైగో వచ్చిన కొత్తలో నేను ఊరి చివర ఒక చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేవాణ్ణి. వంటింట్లో కట్టెల పొయ్యి లాంటి ఇనుప రేంజ్ ఉండేది. బాడవనేలలో తవ్వి ఎండబెట్టిన టర్ఫ్ అనే మట్టిగడ్డలు అందులో మండేవి. ఆ పొగ వాసన నా చొక్కాల్లోంచి ఇప్పటికీ పోలేదని నాకు అనుమానం. అప్పట్లో ఆ ఊళ్ళో తెలుగు మాట వినాలంటే నేనే పైకి మాట్లాడుకోవాలి. ఇంటి యజమానురాలు వారానికోసారి వచ్చి, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమరలో ఉప్పు, టీపొడి, ఒక రొట్టె పెట్టి వెళ్ళేది. నేను అడిగింది లేదు, ఆమె చెప్పిందీ లేదు. అడగకుండా ఇచ్చింది కాబట్టి తీసుకున్నాను.

మార్టిన్ అప్పుడు టర్ఫ్ లారీ తోలేవాడు. లారీ వెనక తలుపు వేలి మీద పడి ఆసుపత్రికి వచ్చాడు. కుట్లు వేస్తుంటే, "డాక్టర్, ఈ బొటనవేలు జాగ్రత్త, ఇది లేకపోతే నేను మూగవాణ్ణి," అన్నాడు. ఆ వేలితోనే రేడియో మీట నొక్కుతాడట. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు నన్ను లారీ ఎక్కించుకుని సెట్టు చూపించాడు. ఇంగ్లీషులో నువ్వు, మీరు తేడా లేదు. అయినా అతని మాటను నేను మొదటి రోజునుంచీ నువ్వుగానే విన్నాను. విచిత్రంగా కోపం రాలేదు. తనకు తెలిసిన వాళ్ళ దగ్గర పాత సెట్టు చవకగా ఇప్పిస్తానన్నాడు. వద్దని మొదటి జీతంతో కొత్తది కొన్నాను. ఇప్పుడు పలకనిది అదే. దాని ఏరియల్ మార్టినే వానలో మా చిమ్నీ ఎక్కి కట్టాడు.

ఆ చానల్‌లో అందరికీ మారుపేర్లు ఉండేవి. నేను మొదటి రోజు మీట నొక్కి, "చింతలంక సత్యనారాయణ మూర్తి మాట్లాడుతున్నాను," అన్నాను. వెంటనే ఒకడు, "దేవుడా, అది పేరా, స్టేషన్ల లిస్టా?" అన్నాడు. మాకు లాంచీలున్నాయని మార్టిన్ చెప్పడంతో వాళ్ళు నాకు కెప్టెన్ అని పెట్టారు. ఆ గౌరవం నాకు నచ్చింది. గర్వంగా ఇంటికి రాశాను. నాన్నగారు తిరుగుటపాలో, "లాంచీ నడిపేవాణ్ణి మన రేవులో సరంగు అంటారు. మన వంశంలో మొదటి సరంగువి నువ్వే, శుభం," అని రాశారు. ఆయన హాస్యమాడడం నాకు తెలిసి అదొక్కసారే.

ఇక అసలు పొరపాటు. మనం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు వెళ్తాను అనం కదా, వెళ్ళొస్తాను అంటాం. మాట ముగించవలసి వచ్చినప్పుడల్లా నేను ఆ మాటనే ఇంగ్లీషులో పెట్టి, "ఐ విల్ గో అండ్ కమ్," అని సెట్టు కట్టేసేవాణ్ణి. రెండు వారాల తర్వాత మార్టిన్ రోడ్డు మీద నన్ను పట్టుకున్నాడు.

"ఏమయ్యా కెప్టెన్, పోయొస్తానంటావు, రావు. అవతల నేను గంటసేపు టీ చల్లారబెట్టుకుని కూర్చుంటున్నాను. మొన్న మా ఆవిడ గొడవ పెట్టింది, పెళ్ళాం కోసం ఎప్పుడన్నా ఇంతసేపు ఎదురుచూశావా అని."

నేను నవ్వకుండా వివరంగా చెప్పాను. మా వాళ్ళు వెళ్తున్నాను అనరు, ఆ మాట తిరిగి రానివాళ్ళదీ, ప్రాణం పోయేవాళ్ళదీ అని. మార్టిన్ టోపీ తీసి తల గోక్కుని, "మంచి మాటే," అన్నాడు. ఆ వారం నుంచి ఆ చానల్‌లో లారీ డ్రైవర్లందరూ "గో అండ్ కమ్" అనే ముగించడం మొదలుపెట్టారు.

ఆ వేసవిలో నాన్నగారి ఉత్తరం వచ్చింది. మిగిలిన ఒక్క లాంచీ పేరు సుభద్ర. దాని ఇంజిన్ దిమ్మ పగిలిందని, కొత్తది కొనే శక్తి లేదని రెండు వాక్యాల్లో రాసి, మిగతా కాగితమంతా మామిడికాయల గురించి రాశారు. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో సాయంత్రం ఏమైందని మార్టిన్ అడిగాడు కాబట్టి ఉత్తరం సంగతి, ఇంజిన్ పేరు, రకం చెప్పాను. అది ఇంగ్లండులో తయారైన పాత పడవ ఇంజిన్. అతను చానల్ అంతా వింటూండగా మొదలుపెట్టాడు.

"అబ్బాయిలూ, మన కెప్టెన్ ఇంటి పడవకి ఇంజిన్ పగిలింది. ఒకప్పుడు చాలా పెద్ద ఇల్లు, ఇప్పుడు రోజులు బాగాలేవు, గాడ్ లవ్ దెమ్. ఎవరి షెడ్డులోనన్నా అలాంటి పాతది పడి ఉందా?"

గాడ్ లవ్ దెమ్ అంటే మన భాషలో పాపం అని. మా ఇంటిపేరు పక్కన ఆ మాట నేను వినడం అదే మొదలు. అంతలో పైన డోనెగాల్ తీరం నుంచి ఒక గొంతు వచ్చింది.

"మా నాన్న పడవలోది ఉంది, అదే రకం. డబ్బొద్దు. ఎవరన్నా మోసుకుపోతే మా అమ్మ ఆ షెడ్డులో కోళ్ళను పెట్టుకుంటుంది."

"డబ్లిన్ ఓడరేవు దాకా నేను వేసుకెళ్తా, మంగళవారం ఖాళీగానే వెళ్తున్నా," అన్నాడు ఇంకొకడు.

నేను మీట నొక్కాను. "మా ఇంట్లో ఒకరు వాడినది వాడరు. థాంక్యూ. ఐ యామ్ గోయింగ్," అన్నాను. సెట్టు కట్టేశాను.

జూన్ నెల. ఇక్కడ ఆ రోజుల్లో పది దాటినా వెలుగు పోదు. అన్నం వండుకుని, పెరుగు కలుపుకుని కూర్చున్నాను. లారీ వచ్చి గేటుకి తగిలినంత పని చేసి ఆగింది. మార్టిన్ తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చాడు. టోపీ లేదు. నన్ను చూశాడు, కంచాన్ని చూశాడు.

"తింటున్నావా?"

"తింటున్నాను."

"ఐ యామ్ గోయింగ్ అన్నావు."

"అన్నాను."

"మీవాళ్ళలో చచ్చేవాళ్ళే ఆ మాటంటారని చెప్పావు."

"కోపంలో అన్నాను, మార్టిన్."

అతను కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "దారిలో గొర్రెలున్నాయో లేదో కూడా చూళ్ళేదు. నా వెనక మరో ఇద్దరు బయలుదేరారు, వెళ్ళి వెనక్కి తిప్పాలి," అన్నాడు. కొంతసేపటికి, "ఏమిటది?" అన్నాడు కంచం చూపించి. ఇంకో కంచంలో పెట్టి ఇచ్చాను. మర్యాదగా మొత్తం తిని, "చక్కెర వెయ్యడం మర్చిపోయిన రైస్ పుడ్డింగ్," అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఇంజిన్ సంగతి?" అన్నాడు. "ఆ మాట మళ్ళీ ఎత్తొద్దు," అన్నాను. ఎత్తలేదు. ఆ సంగతి నేను నాన్నగారికీ రాయలేదు. మా ఇంటి పద్ధతిని కాపాడాననే అనుకున్నాను.

నాన్నగారు పోయినప్పుడు వెళ్ళాను. కర్మకాండలు ముగిసిన మర్నాడు పాత సరంగు అప్పన్న వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. పైకి రమ్మన్నా రాలేదు.

"బాబుగారూ, ఆ ఇంజిన్ని ఆరేళ్ళు నాన్నగారే చేతుల్తో బతికించారండీ," అన్నాడు. "మజ్జాన్నం ఇంట్లో అంతా నడుం వాల్చాక వచ్చి లోపలికి దిగేవోరు. నేను లైటట్టుకునేవోణ్ణి. ఆయన అతికించని ముక్క లేదండి దాంట్లో. 'అప్పన్నా, ఎక్కడన్నా పాత ఇంజినొకటి దొరికితే చాల్రా, ఇంకో పదేళ్ళు తోసేద్దుం' అనేవోరు. ఇంట్లో మాత్రం సెప్పొద్దనేవోరండి."

అప్పన్నకు నేనేమీ చెప్పలేదు. తిరిగి వచ్చాక మార్టిన్‌కూ చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ప్రతి సాయంత్రం మేం వాన గురించి, గొర్రెల ధర గురించి, అతని భార్య పోయినప్పుడు ఆమె గురించి, నా భార్య పోయినప్పుడు ఆమె గురించి మాట్లాడుకున్నాం. ఇంజిన్ గురించి తప్ప. మెల్లగా ఆ చానల్ ఖాళీ అయింది. డ్రైవర్లకు సెల్‌ఫోన్లు వచ్చాయి. డోనెగాల్ గొంతు ఏమైందో తెలియదు. ఇప్పుడు స్లైగో దుకాణాల్లో బియ్యం బస్తాల దగ్గర తెలుగు వినిపిస్తుంది. పిల్లలు నన్ను చూసి నమస్తే అంకుల్ అంటారు. ఎవరింటి వారు అని ఎవరూ అడగరు. అడగాలని నాకు లోపల ఉంటుంది. అడిగితే ఏం చెప్పాలో ఈ మధ్య అంత స్పష్టంగా లేదు.

నేను ఫోను చేసి ఏది పోయిందో చెప్పిన మర్నాడు మార్టిన్ కూతురు ఓర్లా ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల ఒక పాత సెట్టు.

"షెడ్డులో ఉండేది. దీన్ని విప్పి మీకు కావలసింది తీసుకోమన్నాడు నాన్న," అంది. "మొండికెయ్యొద్దని కూడా చెప్పమన్నాడు. ఆ మాట మీతో చెప్పనన్నాను, కానీ చెప్పేశాను."

డబ్బా అలాగే ఉంచాను. మూడు రోజులు దాని పక్కనే అన్నం తిన్నాను. కొత్తదానికి ఆర్డరూ పెట్టలేదు. స్రవంతి వచ్చినప్పుడల్లా దానివంకా నావంకా చూసేది.

"అంకుల్, నాకు ఏదైనా ఒక్కటే. కొత్తదంటే కొత్తది. కానీ గా డబ్బను చూసుకుంట మీరు బువ్వ సక్కగ తింటలేరు."

మూడో సాయంత్రం ఏడింటికి మార్టిన్ గొంతు వచ్చింది. జవాబు రాదని తెలిసీ అతను రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"కెప్టెన్, వింటున్నావని తెలుసు. ఇక్కడంతా గ్రాండ్. గురువారం నన్ను ఆసుపత్రికి రమ్మన్నారు. గుండెలో వాల్వు చెడిందట. రిపేరు చెయ్యరట, కొత్తదే వేస్తారట. నీకు నచ్చే పద్ధతే." కాసేపు గాలి చప్పుడు. "ఎనభై రెండేళ్ళ ఇంజిన్‌కి కొత్త వాల్వు. వాళ్ళ డబ్బు, వాళ్ళ ఇష్టం. నీ గొంతు వింటే బాగుండేది."

అది సోమవారం. కొత్త సెట్టు తెప్పించుకున్నా గురువారంలోపు వచ్చేది. ఆ లెక్క నాకు తెలుసు. అయినా లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి స్రవంతిని పిలిచాను. "అమ్మా, ఆ డబ్బాలోది తీసి ఇందులో వెయ్యగలవా?" అన్నాను. ఆమె సామాను పట్టుకుని దిగివచ్చింది. వంటింటి బల్ల మీద కాగితం పరిచింది. టంకం కరిగిన వాసన వచ్చింది. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా నేను లైటు పట్టుకున్నాను.

"అంకుల్, చెయ్యి ఊపకుర్రి."

"ఊపడం లేదమ్మా."

"ఊపుతున్నరు. గట్లనే పట్టుకోర్రి, అయిపోయింది."

మర్నాడు ఏడింటికి మీట నొక్కి మార్టిన్‌ను పిలిచాను. "అయితే విప్పావన్నమాట," అన్నాడు.

"విప్పాను. నీ షెడ్డులోది ఇప్పుడు నా సెట్టులో ఉంది."

"దేవుడా, నేను బతికుండగా జరిగింది."

"మార్టిన్, ఆ డోనెగాల్ ఇంజిన్ తీసుకుని ఉండాల్సింది. మా నాన్నగారు తీసుకునేవారు. వద్దన్నది నేనే. ఆయనకు నీ మాట అందనివ్వలేదు."

మీట వదిలాను. వదిలాక వినడం తప్ప చేయగలిగింది ఉండదు.

"ఆ ఇంజిన్‌ని నేను ఆ తర్వాత వెళ్ళి చూశాను," అన్నాడు మార్టిన్. "మొత్తం తుప్పు. కోడిగుడ్డు ఉడికించడానికి కూడా పనికిరాదు. నీ పడవని తిన్నగా నది అడుక్కి తీసుకుపోయేది."

అతను నిజంగా వెళ్ళి చూశాడో, నా కోసం అప్పటికప్పుడు చెప్పాడో నాకు తెలియదు. అడగలేదు. గురువారం అతని గుండెకు కొత్త వాల్వు వేశారు. ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఓర్లా రోజూ ఫోను చేస్తోంది.

సుభద్రను నాన్నగారు, నేను ఇంజిన్ వద్దన్న ఏడాదే, వానలు వెలిసేలోపు అమ్మేశారు. చెక్క ఇటుకబట్టీకి వెళ్ళింది. ఇంజిన్‌ను రాజమండ్రి పాత ఇనుము వర్తకుడు తూకానికి తీసుకున్నాడు. రేవు గట్టు మీది ఇల్లు నాన్నగారు పోయిన మరుసటి ఏడు అమ్మాం.